బొమ్మకు తాళము - తిరిగి వచ్చు త్రోవ

వేసవి సెలవులకు ముందు ఒకనాడు ఒక తండ్రి తన కుమార్తె మార్కుల పట్టికను చేతబట్టుకొని మా వద్దకు వచ్చెను. దూరమందున్న ఒక కళాశాలకు దాని ఛాయాచిత్రమును ఫోనుద్వారా పంపవలసియున్నది. పంపుటకు ముందు ఆయన మమ్మొక ప్రశ్న యడిగెను. "అయ్యవారూ, ఫోనులో పోయే బొమ్మ దారిలో ఎవరికీ అర్థం కాని రూపానికి మారి, అవతల మళ్లీ మామూలు బొమ్మ అవుతుందంటున్నారు. అట్లా మారి మారి పోయేటప్పుడు మా బిడ్డ పేరు ఇంకోసారి చెడదు గదా?"

ఆ "ఇంకోసారి" అను మాటలో ఒక కథ కలదు. ఆ బాలిక పేరు భకారముతో మొదలగును. చిన్న తరగతిలో చేర్చినపుడు ఆ పేరును తమిళలిపిలో వ్రాసిరి. తమిళలిపిలోనుండి ఆంగ్లలిపిలోనికి దింపినవారు దానిని పకారముగా చదివిరి. ఆంగ్లమునుండి మరల తెలుగులోనికి తెచ్చునప్పటికి భకారము పోయి పకారమే నిలిచెను. ఆ ఒక్క అక్షరమును సరిదిద్దించుకొనుటకు ఆ తండ్రి ఎన్ని పనిదినములను పోగొట్టుకొనెనో మేమెరుగుదుము. మేము ఉపాధ్యాయశిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అక్కడ బడిలోను, కచేరిలోను పేర్లు తెలుగులిపిలోనే నడచుచుండుటచే ఇట్టి చిక్కు ఒకటి కలదని మాకప్పుడు తోచలేదు. హోసూరు చుట్టుపట్ల పల్లెలలో ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము వినుచు పెరుగు పిల్లలకు ఇది నిత్యానుభవము.

ఆనాడు మేము "చెడదు" అని క్లుప్తముగా చెప్పి పంపితిమి. కాని ఎందుచేత చెడదో చెప్పనిచో అది సమాధానము కానేరదు. మేము గణితము బోధించువారము కాము. అయినను ఈ విషయమును చదివి తెలిసికొని, తొమ్మిదవ తరగతి పిల్లలతో కలిసి నల్లబల్లమీద లెక్కించి చూచితిమి. ఆ లెక్కలనే యిచ్చట తల్లిదండ్రులకును, విద్యార్థులకును విన్నవించుచున్నాము.

మొదట మాకు తెలిసిన అక్షరముల దారినే పోవుదము. "కుడి", "గుడి" అను రెండు మాటలను తమిళలిపిలో వ్రాసి చూడుడు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు సాధారణముగా అక్షరమొకటే గావున రెండు మాటలును ఒకే రూపము దాల్చును. ఇప్పుడు ఆ వ్రాతను మాత్రమే ఇంకొకనికి చూపి, "ఇది కుడియా, గుడియా?" అని యడిగిన అతడు చెప్పలేడు. ఇది తమిళలిపిలోని లోపము కాదు. తమిళపదములకు ఆ లిపి చక్కగా సరిపోవును. మన మాటను అందులో పెట్టునపుడు మాత్రము ఒక భేదము అణగిపోవుచున్నది. అదే మాటలను కన్నడలిపిలో వ్రాసినచో కకారము కకారముగను, గకారము గకారముగను నిలుచును; మరల తెలుగులోనికి తెచ్చినపుడు ఏమియు పోదు.

కావున మార్పులు రెండు తెరగులు. ఏ రెండు వేరువేరు వస్తువులును మార్పు చెందిన తరువాత ఒకటిగా కలిసిపోకుండ ఉండునో, అట్టి మార్పును వెనుకకు మరలింపవచ్చును. దీనిని శాస్త్రజ్ఞులు ఉత్క్రమణీయమని యందురు. రెండు వేరు వస్తువులు ఒకే రూపములో కలిసిపోయినచో వెనుకకు త్రోవ లేదు. అది అనుత్క్రమణీయము. ఆ తండ్రి బాధ యంతయు ఈ రెండవజాతి మార్పు వలన కలిగినదే.

ఇక ఫోనులోని బొమ్మ సంగతి. ఛాయాచిత్రము చూపునకు నిండుగా కనబడును గాని, నిజమునకు అది ముగ్గువలె చుక్కలమీద నిలిచినది. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అందురు. రంగులు లేని బొమ్మలో ప్రతి చుక్కకు 0 మొదలు 255 వరకు ఒక సంఖ్య యుండును. 0 అనగా కటికనలుపు, 255 అనగా తెలుపు, నడుమనున్నవి బూడిదవన్నెలు. ఆ సంఖ్యను యంత్రము 0, 1 అను రెండే గుర్తులతో ఎనిమిది స్థానములలో వ్రాసికొనును. ఒక్కొక్క స్థానమునకు బిట్టు అని పేరు. అడ్డముగా వేయి, నిలువుగా వేయి చుక్కలున్న బొమ్మలో 10 లక్షల చుక్కలు, అనగా 80 లక్షల బిట్లు ఉండును. రంగుల బొమ్మయైనచో ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు వేర్వేరు సంఖ్యలుండుటచే అది మూడింతలగును. బొమ్మను దాచుట యనగా ఈ సంఖ్యలను ఇతరులు గుర్తింపలేని సంఖ్యలుగా మార్చుటయే. దీనికి గుప్తీకరణమని పేరు.

ఈ సంఖ్యలను మార్చు చిన్నచిన్న యంత్రభాగములకు తర్కద్వారములని పేరు. ఒకవైపున బిట్లు లోనికి పోవును, రెండవవైపున ఫలితము వెలుపలికి వచ్చును. వానిలో "మరియు" అను ద్వారము మిక్కిలి ప్రసిద్ధము. రెండు బిట్లును 1 అయిననే అది 1 ఇచ్చును. తక్కిన మూడు సందర్భములలోను 0 ఇచ్చును. ఇప్పుడు వెలుపలికి 0 వచ్చినదనుకొనుడు. లోనికి పోయినవి 0, 0 లా? 0, 1 లా? 1, 0 లా? చెప్పుటకు వీలులేదు. ఇది మన కుడి-గుడి చిక్కే. "మరియు" ద్వారము అనుత్క్రమణీయము.

ఇట్లు పోయిన సమాచారమునకు ప్రకృతి ఒక సుంకము వసూలు చేయును. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రోల్ఫ్ లాండౌయర్ 1961లో ఈ సంగతిని వెల్లడించెను. ఒక బిట్టును తుడిచివేసినపుడు కొంత కనీసపు వేడి తప్పక పుట్టునని ఆయన సిద్ధాంతము. సాధారణమైన గది ఉష్ణోగ్రతలో అది మిక్కిలి స్వల్పము. 1 ప్రక్కన 21 సున్నలు పెట్టగా వచ్చు సంఖ్యతో ఒక జౌలును భాగించి, అందు సుమారు మూడు భాగములు తీసికొన్నంత మాత్రమే. 1973లో ఆ సంస్థకే చెందిన ఛార్లెస్ బెన్నెట్, ఏ గణననైనను సమాచారమును తుడిచివేయకుండ ఉత్క్రమణీయముగా నడుపవచ్చునని నిరూపించెను. అప్పటినుండి "వెనుకకు మరలు ద్వారముల" అధ్యయనము విరివిగా సాగెను.

అట్టి ద్వారములలో మూడింటిని తెలిసికొందము. మొదటిది అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫేన్‌మన్ పేర పిలువబడు ద్వారము. దీనిలోనికి రెండు బిట్లు పోవును, రెండు వచ్చును. మొదటి బిట్టు ఉన్నదున్నట్లు వచ్చును. మొదటిది 1 అయినచో రెండవ బిట్టు తలక్రిందులగును, అనగా 0 ఉన్నచో 1 అగును, 1 ఉన్నచో 0 అగును. మొదటిది 0 అయినచో రెండవది మారదు. ఆ విధముగా 0, 0 అట్లే వచ్చును. 0, 1 అట్లే వచ్చును. 1, 0 పోయి 1, 1 అగును. 1, 1 పోయి 1, 0 అగును. లోనికి పోయిన జతలు నాలుగు, వచ్చిన జతలును నాలుగు. ఏ రెండును కలిసిపోలేదు. ఇంకొక వింత యేమన, వచ్చిన జతను మరల అదే ద్వారములో పంపిన మొదటి జత తిరిగి వచ్చును. తలక్రిందులైనది మరొకసారి తలక్రిందులైనచో నిలువుననే నిలుచును గదా!

రెండవది ఇటలీ దేశమున జన్మించిన టొమాసో టొఫోలీ 1980లో ప్రకటించిన ద్వారము. దీనికి మూడు బిట్లు. మొదటి రెండును 1 అయినపుడే మూడవది తలక్రిందులగును. మూడవ స్థానమున 0 ఉంచి నడిపిన అక్కడ "మరియు" ద్వారము ఇచ్చు ఫలితమే వచ్చును. అయినను మొదటి రెండు బిట్లు ప్రక్కనే నిలిచియుండును గావున ఏమియు పోదు. మూడవది ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ పేర ప్రసిద్ధమైనది. ఆయనయు టొఫోలీయు 1982లో దీనిని వివరించిరి. దీనిలో మొదటి బిట్టు 1 అయినచో తక్కిన రెండును తమ చోట్లు మార్చుకొనును; 0 అయినచో ఎక్కడివక్కడనే యుండును. ఇది కొత్తగా ఏమియు పుట్టింపదు, ఏమియు చంపదు. చోటు మాత్రమే మార్చును.

ఇక ఒక చుక్కకు తాళము వేయుదము. చుక్క విలువ 178 అనుకొనుడు. దానిని బిట్లలో వ్రాసిన 10110010 అగును. మన రహస్యపు తాళపుచెవి 105 అనుకొనుడు. అది 01101001. తాళపుచెవిలోని ఒక్కొక్క బిట్టును ఫేన్‌మన్ ద్వారములో మొదటి బిట్టుగను, బొమ్మలోని బిట్టును రెండవదిగను పంపవలెను. చెవిలో 1 ఉన్నచోట బొమ్మ బిట్టు తలక్రిందులగును, 0 ఉన్నచోట మారదు. అప్పుడు వచ్చునది 11011011, అనగా 219. దారిలో చూచినవానికి 219 మాత్రమే కనబడును. అవతలివాడు అదే 105తో మరల తలక్రిందులు చేసిన 10110010 వచ్చును, అనగా మన 178. ఒక్క బిట్టును తప్పలేదు. పిల్లలు తమ నోటుపుస్తకములలో ఈ లెక్కను వేరు సంఖ్యలతో చేసి చూచుకొనవచ్చును.

ఇంతటితో పని ముగిసినదని మా తరగతిలో పలువురు తలచిరి. కాని ఒక విద్యార్థిని లేచి, మార్కుల పట్టికలో కాగితమంతయు తెలుపు, అక్షరములు నలుపు గదా, అన్ని చుక్కలకును 105నే వాడిన ఏమగునని యడిగెను. లెక్కించి చూచితిమి. తెలుపు 255 పోయి 150 అయినది. నలుపు 0 పోయి 105 అయినది. కాగితమంతయు ఒక బూడిదవన్నె, అక్షరములన్నియు మరియొక బూడిదవన్నె! తాళము వేసినను పేరు, మార్కులు చక్కగా చదువవచ్చును. తలుపు వేసితిమి గాని గోడ గాజుగోడ యైనది. కావున ప్రతి చుక్కకును వేరు వేరు చెవి సంఖ్య కావలెను. ఆ సంఖ్యల వరుసలో ఇతరులు ఊహింపదగిన క్రమమేదియు ఉండరాదు.

చుక్కల స్థానములను కూడ మార్చినచో మరుగు హెచ్చును. దీనికి ఫ్రెడ్కిన్ ద్వారము తగినది. చెవి బిట్టు 1 అయినచో రెండు చుక్కలు తావులు మార్చుకొనును. వరుసలో కూర్చున్న పిల్లలను ఒక రహస్యపు చీటీ చూచి జతజతలుగా స్థానములు మార్పించినట్లు, బొమ్మలోని చుక్కలన్నిటిని కలియబెట్టవచ్చును. మరలించునపుడు ఒక నియమము పాటింపవలెను: చివర చేసిన మార్పును మొదట విప్పవలెను. ఊరికి పోవునపుడు మొదట గదికి, పిదప వీధితలుపునకు తాళము వేయుదుము. వచ్చిన తరువాత మొదట వీధితలుపునే తీయుదుము గదా! అయితే తావులు మార్చుటయొక్కటే చాలదు. ఎన్ని చుక్కలు నల్లనివో, ఎన్ని తెల్లనివో ఆ లెక్క మారదు గావున శోధించువానికి అదియొక ఆధారమగును. విలువను మార్చుట, చోటును మార్చుట అను రెండును కలిసి, పలుమార్లు జరిగిననే మరుగు గట్టిపడును.

చెవి విషయమున పెద్దలు చెప్పిన మాటలు రెండు కలవు. అమెరికాలో గిల్బర్ట్ వెర్నం 1917లో, తంతివార్తలలోని గుర్తులను చెవిలోని గుర్తులతో ఇట్లే కలిపి దాచు పద్ధతిని కనిపెట్టెను. చెవి సందేశమంత పొడవుగా నుండి, ఏ క్రమమునకును లోబడక, ఒక్కసారి మాత్రమే వాడబడి, రహస్యముగా నున్నచో ఆ తాళమును ఎంతటి గణనచేతను ఛేదింపజాలరని క్లాడ్ షానన్ 1949లో ప్రకటించిన వ్యాసములో నిరూపించెను. "ఒక్కసారి మాత్రమే" యనుట ముఖ్యము. రెండు బొమ్మలకు ఒకే చెవిని వాడినచో, దొంగ ఆ రెండు గుప్తచిత్రములను ఒకదానితో నొకటి ఫేన్‌మన్ ద్వారములో కలిపిన చాలును. రెండింటిలోని చెవియు రద్దయి, రెండు బొమ్మలు ఒకదానిమీద నొకటి పడిన నీడవలె బయటపడును.

బొమ్మకు సమానమైన పొడవుగల చెవిని ప్రతిసారియు మోసికొనిపోవుట సాధ్యము కాదు. కావున చిన్నచెవి నుండి గణితమార్గమున పొడవైన మరుగును కల్పించు పద్ధతులు పుట్టినవి. వానిలో బెల్జియం దేశస్థులైన యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రచించినదానిని అమెరికా ప్రభుత్వము 2001లో ఏ.ఇ.ఎస్. అను పేర ప్రమాణముగా స్వీకరించెను. దాని చెవి 128, 192 లేక 256 బిట్లు. 128 బిట్ల చెవులెన్ని యుండుననగా, ఆ సంఖ్యను వ్రాయుటకు 39 అంకెలు పట్టును. నేడు ఫోనులలోను, బ్యాంకులలోను విరివిగా వాడుకలోనున్నది ఇదియే. ఫోనులోని గణనభాగములు మాత్రము నేటికిని "మరియు" వంటి మామూలు ద్వారములతోనే నిర్మింపబడుచున్నవి. అయినను గుప్తీకరణమను మొత్తము మార్పు చెవి గలవానికి వెనుకకు మరలునట్లే రచింపబడినది. క్వాంటం గణకయంత్రములలో, కొలుచు ఘట్టము తప్ప తక్కిన ప్రతి అడుగును ఉత్క్రమణీయమై యుండవలెను. అందుచేతను, వేడిని తగ్గింపవలెనను ఆశచేతను, పరిశోధకులు ఉత్క్రమణీయ ద్వారములతోనే బొమ్మలకు మరుగు కల్పించు పద్ధతులను ప్రతిపాదించుచున్నారు.

ఇచ్చట ఒక పొరపాటు పడకుండ చూచుకొనవలెను. ద్వారము వెనుకకు మరలునది యగుట వేరు, భద్రమైనది యగుట వేరు. ఫేన్‌మన్ ద్వారము ఎట్లు పనిచేయునో ఇప్పుడు మన పిల్లలందరికిని తెలిసినది, దొంగకును తెలియును. రహస్యము పద్ధతిలో లేదు, చెవిలో కలదు. పద్ధతి శత్రువు చేతబడినను హాని లేకుండవలెనని ఆగస్ట్ కెర్‌కాఫ్స్ అను పండితుడు 1883లోనే వ్రాసెను. బొమ్మలకొరకు కొత్తగా ప్రతిపాదింపబడిన గుప్తీకరణ పద్ధతులలో అనేకము, తరువాత వచ్చిన పరిశోధకులచేత ఛేదింపబడినవి. కావున నేర్చుకొనుటకు మన నల్లబల్ల పద్ధతి మంచిది. నిజమైన పత్రములకు మాత్రము అనేకులు ఏండ్లతరబడి పరీక్షించి నిలిచిన పద్ధతియే శరణ్యము.

మరి ఫోనులో వచ్చిన పత్రముపై అక్షరములు ఒక్కొక్కప్పుడు అలుకుకొనిపోయినట్లుండుట యేల? ఆ దోషము తాళముది కాదు, కుదింపుది. బొమ్మ త్వరగా పోవుటకై, కంటికి అంతగా పట్టని వివరములను విడిచిపెట్టి చిన్నది చేయు పద్ధతులు కలవు. 1992లో ప్రమాణముగా వెలువడిన జేపెగ్ అట్టిది. విడిచిన వివరము తిరిగి రాదు. ఇది కుడి-గుడి జాతి మార్పు. సందేశసాధనములు పెక్కు ఫోటోగా పంపినదానిని ఇట్లు కుదించి పంపును. అదే బొమ్మను డాక్యుమెంటు అను మార్గమున పంపిన, ఉన్నదున్నట్లు పోవును. మార్కుల పట్టిక, జనన ధ్రువపత్రము మొదలగు వానిని ఈ రెండవ మార్గముననే పంపుట మేలు.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు నిండైన సమాధానము చెప్పగలము. అయ్యా, తాళము వేసిన బొమ్మలో మీ బిడ్డ పేరు చెడదు. ఎందుచేతననగా ఆ మార్పులో ఏ రెండు అక్షరములును, ఏ రెండు చుక్కలును ఒకటిగా కలిసిపోవు. భకారము భకారముగనే దిగును. కాని మీరు గమనింపవలసినవి రెండు కలవు. చెవిని గాని, మీ ఫోను రహస్యసంఖ్యను గాని పరులకు చెప్పినచో ఎంత మంచి తాళమైనను వ్యర్థము. చెవిని పోగొట్టుకొన్నచో మీ బొమ్మ మీకే దక్కదు. ఇక రెండవది అంతకంటె ముఖ్యము. తాళము ఒప్పును ఒప్పుగను, తప్పును తప్పుగను తిరిగి యిచ్చును. పత్రములో పకారము పడియుండగా తాళము వేసినచో, అవతల విప్పినపుడు వచ్చునది పకారమే.

కావున తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. పత్రము చేతికి వచ్చిననాడే, తమిళములోను ఆంగ్లములోను తెలుగులోను బిడ్డ పేరును వ్రేలు పెట్టి అక్షరమక్షరము చదువుకొనుడు. చదువరానిచో పిల్లలచేత చదివించుకొనుడు. వారు మూడు లిపులును నేర్చుకొనుచున్నది అందుకే గదా! యంత్రము వెనుకకు మరలింపలేనిది ఒకటి కలదు. అది తాళము వేయకముందు జరిగిన పొరపాటు. దానిని దిద్దవలసినవారము మనమే.